నక్షత్రపు వెలుగులో గ్రహపు జాడ
(విజ్ఞానశాస్త్ర విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఈ సభలోనికి వస్తుండగా వాకిట ఒక విద్యార్థి నన్ను ఆపి, "మాస్టారూ, ఎక్కడో మరొక భూమి దొరికినదట, నిజమేనా?" అని అడిగినాడు. అది వాకిట నిలబడి చెప్పదగిన సమాధానం కాదనీ, లోపలికి వచ్చి కూర్చోమనీ చెప్పినాను. ఈనాటి నా ప్రసంగమంతా ఆ ఒక్క ప్రశ్నకు సమాధానమే. అవునని గాని, కాదని గాని ఒక్క మాటలో తేల్చలేను. ఎందుకు తేల్చలేనో చెప్పటానికి మాత్రం ప్రయత్నిస్తాను.

ఇతర నక్షత్రాల చుట్టూ గ్రహాలున్నవా అనే విచారణకు మన దేశంతో చాలా పాత సంబంధం ఉన్నది. 1855లో మద్రాసు నక్షత్రశాల అధిపతి కెప్టెన్ జేకబ్ సర్పధారి మండలంలోని ఒక జంట నక్షత్రాన్ని పరిశీలించి, దాని కక్ష్య లెక్కకు కుదరటం లేదనీ, కంటికి కనబడని గ్రహమొకటి దానిని లాగుతుండవచ్చుననీ ప్రకటించారు. ఆ నక్షత్రం మనకు 17 కాంతి సంవత్సరాల లోపు దూరంలోనే ఉన్నది. సౌరకుటుంబానికి వెలుపల ఒక గ్రహం ఉన్నదని కొలతల ఆధారంతో చేసిన మొదటి వాదాలలో ఇది ఒకటి. కాని అది నిలువలేదు. తరువాత జరిగిన పరిశీలనలలో అటువంటి గ్రహమేదీ బయటపడలేదు.

ఇటువంటిదే మరొక ఉదంతంలో నాకు కూడ కొంత పాలున్నది. నేను కొత్తగా అధ్యాపకుడనైన రోజులలో, అనగా 1970 ప్రాంతంలో, బెర్నార్డు నక్షత్రం చుట్టూ గ్రహం ఉన్నదని తరగతిలో ఎంతో ఉత్సాహంతో చెప్పేవాడిని. ఆ నక్షత్రం మనకు 6 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నది. అమెరికాలోని స్ప్రౌల్ నక్షత్రశాలలో వాన్ డి కాంప్ అనే శాస్త్రవేత్త పాతికేళ్ల ఫోటో పలకలను కొలిచి, 1963లో ఆ గ్రహాన్ని ప్రకటించారు. పుస్తకాలలో వచ్చినది, నేను చెప్పినాను. 1973లో మరొక నక్షత్రశాల పలకలలో ఆ ఊగిసలాట కనబడలేదు. అదీగాక స్ప్రౌల్ దూరదర్శిని కటకాన్ని సరిచేసిన సంవత్సరాలలోనే నక్షత్రం "కదిలినట్లు" తేలినది. కదిలినది నక్షత్రం కాదు, పనిముట్టు. ఈ సంగతి నాకు తెలిసేనాటికి నా తొలి విద్యార్థులు కళాశాల విడిచి వెళ్లిపోయినారు. వారిలో ఎందరికి ఆ దిద్దుబాటు అందినదో నాకు నేటికీ తెలియదు. చిత్రమేమంటే, 2024, 2025 సంవత్సరాలలో అదే బెర్నార్డు నక్షత్రం చుట్టూ నాలుగు చిన్న గ్రహాలు నిజంగానే కనుగొనబడినవి. అయితే అవి నేను పాఠం చెప్పిన గ్రహం కాదు. అది గురుగ్రహం కంటె పెద్దదని చెప్పేవాడిని. ఇవి ఒక్కొక్కటి మన భూమి కంటె చిన్నవి.

కనుక "దొరికినది" అనే మాట విన్నప్పుడల్లా, దేనితో కొలిచారు, ఎన్నిసార్లు కొలిచారు, మరొకరు కొలిచారా అని అడగటం నాకు అలవాటయినది.

ఇక కొలిచే పద్ధతికి వస్తాను. దీనిని అర్థం చేసుకొనటానికి విశాఖపట్టణం వరకు వెళితే చాలును. 1874 డిసెంబరు 9న శుక్రగ్రహం సూర్యబింబం మీదుగా నల్లని చుక్కవలె దాటిపోయినది. విశాఖపట్టణంలో తమ మామగారు గొడే వెంకట జగ్గారావుగారు నెలకొల్పిన స్వంత నక్షత్రశాలలో అంకితం వెంకట నరసింగరావుగారు ఆ సంక్రమణాన్ని పరిశీలించి, వివరాలను లండనులోని ఖగోళ సంఘానికి పంపించారు. మద్రాసు నక్షత్రశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారిగారు ఆ సంక్రమణాన్ని గురించి సామాన్యులకు అర్థమగునట్లు మన దేశభాషలలో పుస్తకం వెలువరించారు. ఆనాడు సూర్యబింబంలో సుమారు వెయ్యింట ఒక వంతును శుక్రుడు కప్పినాడు. అనగా మనకు చేరిన సూర్యకాంతి అంతమేరకు తగ్గినది. ఆ తగ్గుదలను కంటితో ఎవరూ గుర్తించలేరు. కాని అది తగ్గినమాట వాస్తవం.

ఇప్పుడు సూర్యుని స్థానంలో దూరపు నక్షత్రాన్ని ఊహించండి. అక్కడ బింబం కనబడదు, చుక్క కనబడదు. వెలుగు మాత్రమే మనకు చేరుతుంది. ఆ వెలుగు నియమిత కాలానికి ఒకసారి కొద్దిగా తగ్గి, మరల యథాస్థితికి వచ్చినట్లయితే, దాని ముందునుంచి ఏదో దాటిపోతున్నదన్నమాట. ఎంత తగ్గినదో చూచి దాటిన వస్తువు పరిమాణం చెప్పవచ్చును. ఎన్నాళ్లకొకసారి తగ్గినదో చూచి దాని సంవత్సరం ఎంతో చెప్పవచ్చును. ఇది మనకు కొత్త విద్య ఏమీ కాదు. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రానికి అడ్డుగా వచ్చినప్పుడు, గ్రహం తాకకముందే నక్షత్రపు వెలుగు క్షణకాలం తగ్గటం తమిళనాడులోని కావలూరు దూరదర్శినిలో కూడ నమోదయినది. ఆ గ్రహానికి వలయాలున్నవని ప్రపంచానికి తెలిసినది ఆ రాత్రి పరిశీలనల వలననే. కావలూరును ఎంపిక చేసిన వైను బప్పు హైదరాబాదులో పెరిగి, నిజాం కళాశాలలో చదివినవారు.

మరి ఇందుకు అంతరిక్షంలోనికి దూరదర్శినిని పంపవలసిన అవసరం ఏమున్నది? గురుగ్రహమంతటిది సూర్యునివంటి నక్షత్రం ముందు నుంచి దాటితే వెలుగు నూటికి ఒక పాలు తగ్గుతుంది. దీనిని భూమిమీద నుంచే కొలవవచ్చును. కాని భూమియంతటిది దాటితే పదివేల పాళ్లలో ఒక పాలు కూడ తగ్గదు. మన వాతావరణం వలన నక్షత్రాలు మిణుకుమిణుకుమనటం మీరెరిగినదే. ఆ మిణుకులో ఈ తగ్గుదల మునిగిపోతుంది. పైగా తెల్లవారితే పరిశీలన ఆగిపోతుంది, మబ్బుపట్టినా ఆగిపోతుంది. మన భూమిని ఎవరైనా దూరపు నక్షత్రం నుంచి చూస్తున్నారనుకొందాము. వారికి సంక్రమణం ఏడాదికి ఒక్కసారి, సుమారు 13 గంటలు మాత్రమే కనబడుతుంది. ఆ పూట వారికి వాన పడితే మరుసటి ఏడు వరకు వేచి ఉండవలసినదే. అది కూడ వారు మన కక్ష్యకు సరిగా ఎదురుగా ఉంటేనే. అట్లా ఉండే అవకాశం 200లో ఒకటి. కాబట్టి వేల సంఖ్యలో నక్షత్రాలను, రెప్పవేయకుండా, సంవత్సరాల తరబడి చూడవలసి ఉన్నది.

ఇదే మాట అమెరికా అంతరిక్ష సంస్థలో పనిచేసిన విలియం బొరుకి 1984లోనే వ్రాశారు. అంత సూక్ష్మమైన కొలత అసాధ్యమన్నారు చాలామంది. ఆయన ప్రతిపాదన 1990 దశకంలో నాలుగుసార్లు తిరస్కరింపబడినది. ప్రతిసారి ఏ అభ్యంతరం చెప్పారో దానికి ప్రయోగశాలలో సమాధానం చూపి, మరల దరఖాస్తు పెట్టేవారాయన. 2001లో ఆమోదం లభించినది. 2009 మార్చిలో కెప్లర్ దూరదర్శిని అంతరిక్షంలోనికి వెళ్లినది. మొదటి వ్యాసానికీ, ప్రయోగానికీ మధ్య పాతికేళ్లు గడిచినవి. పరిశోధన ప్రతిపాదన ఒక్కసారి వెనక్కు వస్తే నిరాశ చెందేవారు మనలో చాలామంది ఉన్నారు. నేనూ ఆ కోవలోనివాడినే.

కెప్లర్ చేసిన పని చెప్పటానికి చాలా సామాన్యమైనది. అభిజిత్తు నక్షత్రానికి సమీపంలో, హంస మండలంలోని ఒకే ఒక ఆకాశభాగాన్ని చూస్తూ, సుమారు 1,50,000 నక్షత్రాల వెలుగును అరగంటకొకసారి నాలుగేళ్లపాటు నమోదు చేసినది. 2013లో దానిని నిశ్చలంగా నిలిపే చక్రాలలో రెండవది చెడిపోయినది. మూడు లేకపోతే అది గురి నిలుపలేదు. పని ముగిసినదనే అందరూ అనుకొన్నారు. కాని ఇంజనీర్లు సూర్యకాంతి కలిగించే అతిస్వల్పమైన ఒత్తిడినే మూడవ ఆసరాగా మలచుకొన్నారు. అందుకోసం దూరదర్శిని రాశిచక్రపు దారి వెంబడి మాత్రమే చూడవలసి వచ్చినది. ఒక్కొక్క చోట సుమారు 80 రోజులు. ఈ రెండవ జీవితానికే కె2 అని పేరు. 2018 అక్టోబరులో ఇంధనం అయిపోయేవరకు అది పనిచేసినది. మొత్తంమీద 2,600కు పైగా గ్రహాలు దాని పరిశీలనల వలన నిర్ధారణ అయినవి. ఇతర పద్ధతులవి కూడ కలుపుకొని, 2025 సెప్టెంబరులో ఈ సంఖ్య 6,000 దాటినది.

"నిర్ధారణ" అనే మాటను గమనించండి. వెలుగు తగ్గినంతమాత్రాన గ్రహమని చెప్పలేము. నక్షత్రానికి వెనుక, చాలా దూరంలో, ఒకదానినొకటి కప్పుకొనే జంట నక్షత్రాలున్నా అటువంటి తగ్గుదలే కనబడుతుంది. అంతేగాక, నీడ వస్తువు పరిమాణాన్ని చెప్పును గాని, బరువును చెప్పదు. దూదిమూటకూ, రాతిగుండుకూ నీడ ఒకటే. బరువు తెలియవలెనంటే గ్రహం తన నక్షత్రాన్ని ఎంత ఊపుతున్నదో కొలవవలెను. నక్షత్రం మనవైపు వచ్చునప్పుడు దాని వర్ణపటంలోని గీతలు నీలం వైపునకు, వెనుకకు పోవునప్పుడు ఎరుపు వైపునకు జరుగుతవి. ఈ పని నేలమీది దూరదర్శినులది.

ఇక్కడ మన దేశపు పాత్ర వస్తున్నది. అహమదాబాదులో విక్రమ్ సారాభాయి 1947లో స్థాపించిన భౌతిక పరిశోధనాలయం వారికి రాజస్థాన్‌లోని అబూ పర్వతం మీద, గురుశిఖరం వద్ద ఒక నక్షత్రశాల ఉన్నది. అక్కడి 1.2 మీటర్ల దూరదర్శినికి పరస్ అనే వర్ణపట పరికరాన్ని మనవారే తయారుచేసి అమర్చినారు. సెకనుకు ఒకటి రెండు మీటర్ల కదలికను, అనగా మనిషి నడకంత వేగాన్ని, అది నక్షత్రంలో గుర్తించగలదు. సుమారు 600 కాంతి సంవత్సరాల దూరంలో సూర్యుని పోలిన ఒక నక్షత్రం ముందు ఏదో దాటుతున్నట్లు కెప్లర్ తన కె2 దశలో గుర్తించినది. గురుశిఖరం నుంచి ఏడాదికి పైగా ఆ నక్షత్రాన్ని కొలిచి, దాటుతున్నది గ్రహమేననీ, దాని బరువు భూమికి సుమారు 27 రెట్లనీ, వ్యాసం 6 రెట్లనీ, దాని సంవత్సరం 19 రోజులన్నర మాత్రమేననీ 2018లో ప్రకటించారు. ఒక సౌరేతర గ్రహాన్ని మన దేశపు పరికరంతో కనుగొనటం అదే మొదలు. అటుతరువాత మరికొన్ని వచ్చినవి. అదే కొండమీద 2.5 మీటర్ల దూరదర్శిని, దానికి తగిన కొత్త పరికరం కూడ నెలకొన్నవి. అమెరికా దూరదర్శిని నీడను చూచినది, అబూ కొండ బరువు తూచినది. ఏ ఒక్కటి లేకపోయినా ఆ గ్రహం సందేహాల పట్టికలోనే ఉండిపోయేది.

ఇక్కడ ఒక చిక్కున్నది. కెప్లర్ చూచిన నక్షత్రాలలో ఎక్కువ భాగం వందల, వేల కాంతి సంవత్సరాల దూరంలోనివి. అంత మసక నక్షత్రాలను నేలమీద నుంచి తూచటం కష్టం. ఆ గ్రహాల గాలిని పరీక్షించటం అంతకంటె కష్టం. అందుచేత సమీప నక్షత్రాల మీదికి దృష్టి మళ్లినది. 2018 ఏప్రిల్ 18న ప్రయోగించిన టెస్ అనే ఉపగ్రహంలో పెద్ద అద్దమేదీ లేదు; 10 సెంటిమీటర్ల వ్యాసం గల నాలుగు కెమెరాలు మాత్రమే ఉన్నవి. ఆకాశాన్ని పట్టీలుగా విభజించి, ఒక్కొక్క పట్టీని 27 రోజుల చొప్పున అది చూస్తుంది. దాని నక్షత్రాలు కెప్లర్ చూచినవాటికంటె 30 నుండి 100 రెట్లు ప్రకాశవంతమైనవి. ఐరోపావారు 2019 డిసెంబరులో పంపిన కియాప్స్ మరొక పని చేస్తుంది. అది కొత్త గ్రహాలను వెదకటం కంటె, తెలిసిన గ్రహాల పరిమాణాన్ని మరింత కచ్చితంగా కొలుస్తుంది. ఇటువంటి పనులకు పత్రికలలో చోటు దొరకదు.

దొరికిన గ్రహానికి గాలి ఉన్నదా, ఉంటే అందులో ఏమున్నది? గ్రహం నక్షత్రం ముందు నుంచి దాటుతున్నప్పుడు నక్షత్రకాంతిలో బహుస్వల్పభాగం ఆ గ్రహపు గాలిపొర గుండా వడగట్టుకొని వస్తుంది. ఏ వాయువుంటే ఆ వాయువు తనకు చెందిన రంగులను మింగివేస్తుంది. 2001లో హబుల్ దూరదర్శిని ఈ పద్ధతిలో ఒక గ్రహపు వాతావరణంలో సోడియంను గుర్తించినది. నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు వంటివి పరారుణ కిరణాలలో తమ ముద్ర వేస్తవి. మన గాలిలోనూ అవే ఉన్నందున, నేలమీద నుంచి చూస్తే మనది ఏదో, వారిది ఏదో విడదీయటం కష్టం. అందుకే 2021 డిసెంబరు 25న ప్రయోగించిన వెబ్ దూరదర్శిని భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, సూర్యుని వేడి తగలకుండా తెరచాటున ఉండి పనిచేస్తున్నది. దాని అద్దం వెడల్పు 6.5 మీటర్లు.

అది తెచ్చిన వార్తలన్నీ తీపివి కావు. కుంభ మండలంలో 40 కాంతి సంవత్సరాల దూరంలో ట్రాపిస్ట్-1 అనే చిన్న ఎర్రని నక్షత్రం ఉన్నది. దానికి భూమియంతటి గ్రహాలు ఏడున్నవని 2017లో ప్రకటించినప్పుడు లోకమంతా ఆనందించినది. 2023లో వెబ్ కొలువగా, అన్నిటికంటె లోపలి గ్రహపు పగటి భాగం సుమారు 230 డిగ్రీల వేడితో, చెప్పుకోదగిన గాలి ఏదీ లేక, వట్టి బండవలె ఉన్నట్లు కనబడినది. రెండవదానికి కూడ దట్టమైన గాలిపొర లేదు. మిగిలిన వాటి విషయంలో నక్షత్రం మీది మచ్చలే కొలతలను కలవరపెడుతున్నవి. ఇది వైఫల్యమని కొందరన్నారు. నేనట్లు భావించను. 40 కాంతి సంవత్సరాల దూరపు బండరాయి వేడిని కొలవగలిగినాము.

ఇప్పుడు వాకిట అడిగిన ప్రశ్న దగ్గరకు వస్తున్నాను. ఆ విద్యార్థి చదివిన వార్త బహుశా కె2-18బి అనే గ్రహాన్ని గురించినది అయి ఉంటుంది. అది సింహ మండలంలో 124 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నది. దాని బరువు భూమికి 8 రెట్లకు పైన. 2019లో హబుల్ పరిశీలనలను బట్టి అక్కడ నీటి ఆవిరి ఉన్నదని ప్రకటించారు. 2023లో వెబ్ చూడగా మీథేను, బొగ్గుపులుసు వాయువు కనబడినవి గాని, నీటి ఆవిరి స్పష్టంగా కనబడలేదు. లోగడ నీరనుకొన్నది మీథేను ముద్రే కావచ్చును. ఆ 2023 పరిశోధనకు నాయకత్వం వహించినవారు మన దేశంలో పుట్టి, వారణాసిలో ఇంజనీరింగు చదివి, కేంబ్రిడ్జిలో ఆచార్యులైన నిక్కు మధుసూదన్. 2025 ఏప్రిల్‌లో ఆయన బృందం, మన సముద్రాలలో నాచుజాతి జీవులు విడుదల చేసే ఒక గంధక సమ్మేళనపు జాడ అక్కడ ఉన్నట్లు తెలిపినది. మరునాడు పత్రికలలో జీవం దొరికినదన్నంత పెద్ద అక్షరాలు వచ్చినవి.

ఆ బృందం మాత్రం అంతమాట అనలేదు. ఆ జాడ కేవలం యాదృచ్ఛికంగా కనబడే అవకాశం వెయ్యింట మూడు పాళ్లని వారే చెప్పినారు. మనకు వెయ్యింట మూడు చాలా తక్కువగా తోచవచ్చును. శాస్త్రంలో నిర్ధారణకు అది చాలదు. పది లక్షలలో ఒకటికి లోపుగా ఉండవలెనని వారి నియమం. ఇతర బృందాలు అవే కొలతలను తమ పద్ధతిలో విశ్లేషించి, ఆ జాడ నిలబడటం లేదన్నవి. జీవమేమీ లేని ఒక తోకచుక్క మీద కూడ ఆ సమ్మేళనం ఉన్నట్లు 2024లో తేలినది. మధుసూదన్‌గారి వాదం తప్పని నేననటం లేదు. జేకబ్‌గారు చేసినట్లే ఆయనా తన లెక్కను అందరి ముందు పెట్టినారు. ఆనాడు సరిచూడటానికి తరాలు పట్టినది. ఈనాడు కొలతలు అందరికీ అందుబాటులో ఉన్నందువలన కొద్ది వారాలలోనే విమర్శ మొదలయినది. మన దేశంవాడు చెప్పినాడు గనుక నమ్మవలెనని గాని, పరదేశం వారు కాదన్నారు గనుక విడువవలెనని గాని మీరు తలచవద్దు.

మరీ సమీపంలోని మాట ఒకటి చెప్పి ముగిస్తాను. మే నెల రాత్రులలో మన ప్రాంతం నుంచి దక్షిణ దిక్కున, దిగంతానికి కొద్ది ఎత్తులో ఆల్ఫా సెంటారి ప్రకాశిస్తూ ఉంటుంది. దాని దూరం నాలుగున్నర కాంతి సంవత్సరాల లోపు. 2024 ఆగస్టులో వెబ్ దూరదర్శిని ఆ నక్షత్రపు వెలుగును ఒక తెరతో మరుగుపరచి చూడగా, పక్కన పదివేల రెట్లు మసకైన చుక్క ఒకటి కనబడినది. శనిగ్రహమంతటి గ్రహం కావచ్చునన్నారు. 2025 ఫిబ్రవరిలో, ఏప్రిల్‌లో మరల చూస్తే కనబడలేదు. కక్ష్యలో తిరుగుతూ నక్షత్రం దగ్గరగా పోయినందున మరుగుపడి ఉండవచ్చునని లెక్కలు చెబుతున్నవి. దానిని గ్రహం అనలేదు, "అభ్యర్థి" అన్నారు. నాకు ఆ మాట ఎంతో నచ్చినది.

కెప్లర్, టెస్ సేకరించిన కొలతలు ఎవరైనా ఉచితంగా తీసుకొని పరిశీలించవచ్చును. కాని యంత్రం తెచ్చిన అంకెల కంటె ముందు ఆకాశాన్ని చూడటం మంచిది. పూర్వాభాద్రలోని రెండు నక్షత్రాలను మీలో కొందరు గుర్తుపట్టగలరు. ఆ రెండింటి నడుమ, కొద్దిగా పడమరకు, చీకటి రాత్రి మాత్రమే కంటికి అందే ఒక చిన్న నక్షత్రం ఉన్నది. సూర్యుని పోలిన నక్షత్రం చుట్టూ తిరిగే మొదటి గ్రహాన్ని 1995లో మేయర్, కెలో కనుగొన్నది దాని దగ్గరనే. 2019లో వారికి నోబెల్ బహుమానం వచ్చినది. ఆ నక్షత్రమండలంలోనే మరొక నక్షత్రం వెలుగు మూడున్నర రోజులకొకసారి, మూడు గంటలపాటు, సుమారు ఒకటిన్నర శాతం తగ్గుతుంది. 1999లో మొట్టమొదట సంక్రమణం కనబడిన గ్రహం అదే. దానిని కొలవటానికి అంతరిక్షానికి పోనక్కరలేదు. మన కళాశాల మేడమీది దూరదర్శినికి ఒక మంచి కెమెరా అమర్చితే సరిపోతుంది. వానలు వెనుకబట్టి, కార్తీకమాసంలో ఆ మండలం నడినెత్తికి వచ్చిన ఒక రాత్రి నేను మరల వస్తాను. వాకిట ప్రశ్న అడిగిన విద్యార్థి కూడ రావలెను. వచ్చునప్పుడు ఒక గడియారం, ఒక నోటుపుస్తకం తెచ్చుకొనవలెను.